మోగాక నేనేం చెయ్యాల్రా?

ముందుగా ఒక మాట. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదటిసారి. క్లబ్ సీనియర్లు చాలా దిద్దారు, ఇంకా మిగిలిన తప్పులు నావే.

కిందటి సెమిస్టర్లో మేం నలుగురం ఒక హ్యాకథాన్‌లో సెకండ్ ప్రైజ్ కొట్టాం. ప్రాజెక్ట్ ఏంటంటే, కోళ్ల షెడ్డులో ఒక మైకు, ఒక కెమెరా పెడతాం. కోళ్ల అరుపులో తేడా వచ్చినా, మేత దగ్గరికి రావడం తగ్గినా మా మోడల్ పట్టేసి రైతు ఫోన్‌కి అలారం పంపుతుంది. "బర్డ్ ఫ్లూని ముందే పసిగట్టే ఏఐ" అని పోస్టర్ మీద పెద్దక్షరాలతో వేశాం. జడ్జీలు మెచ్చుకున్నారు. లింక్డ్‌ఇన్‌లో ఫోటోలు పెట్టుకున్నాం.

సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లినప్పుడు మావయ్యకి డెమో చూపించాను. ఊరు తణుకు వైపు. మావయ్యకి ఆరు వేల గుడ్ల కోళ్లున్నాయి. లాప్‌టాప్‌లో గ్రాఫులన్నీ ఓపిగ్గా చూసి, "బానే ఉందిరా. ఇది మోగిందనుకో. అప్పుడు నేనేం చెయ్యాల్రా?" అన్నాడు.

"పశువుల డాక్టర్ గారికి ఫోన్ చెయ్యాలి మావయ్యా."

"చేస్తే?"

నా దగ్గర జవాబు లేదు. మా పోస్టర్ అలారం దగ్గరే అయిపోయింది.

ఆ "చేస్తే?" కోసం రెండు నెలలు చదివాను, అడిగాను. చదివాక నాకొచ్చిన అభిప్రాయం ఇది: బర్డ్ ఫ్లూని గుర్తుపట్టే ల్యాబ్ పరికరాలు అద్భుతంగా ఉన్నాయి. కానీ అవన్నీ ఒక రైతు చేసే ఒక్క ఫోన్ కాల్ మీద ఆధారపడి ఉన్నాయి. ఆ కాల్ చేసినవాడు నష్టపోతాడు అన్నంతకాలం ఎంత గొప్ప మెషీనైనా మనకి ఆలస్యంగానే చెప్తుంది.

ఎందుకలా అంటున్నానో చెప్పడానికి ముందు ల్యాబ్ లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఆ భాగం నాకు నిజంగా నచ్చింది.

ఫోన్ వెళ్లాక డాక్టర్ గారు వచ్చి కోళ్ల గొంతులోంచి, రెట్ట వచ్చే చోటి నుంచి దూది పుల్లతో తుడిచి శాంపిల్ తీస్తారు. దాన్ని ద్రవం ఉన్న చిన్న ట్యూబ్‌లో వేసి, ఐసు పెట్టెలో పెట్టి పంపుతారు. అంటే మొదటి పరికరాలు దూది పుల్ల, ఐసు పెట్టె. దారిలో ఐసు కరిగిందంటే తర్వాత వచ్చే కోట్ల రూపాయల మెషీన్ ఏమీ చెయ్యలేదు. మనం "గార్బేజ్ ఇన్, గార్బేజ్ అవుట్" అని ఫస్టియర్లో చదివింది ఇదే.

మన దేశంలో బర్డ్ ఫ్లూ అని అధికారికంగా ఖరారు చేసేది భోపాల్‌లో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హై సెక్యూరిటీ యానిమల్ డిసీజెస్. తణుకు నుంచి రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్ల పైనే. ఇలాంటి ల్యాబులో గాలి పీడనం బయటకన్నా తక్కువగా ఉంచుతారు. తలుపు తీస్తే గాలి లోపలికే వస్తుంది తప్ప లోపలిది బయటికి పోదు. పోయే గాలి కూడా హెపా ఫిల్టర్ దాటాలి. 0.3 మైక్రాన్ల రేణువుల్ని కూడా 99.97 శాతం ఆపే ఫిల్టర్ అది. పని అయ్యాక మనుషులు స్నానం చేసి బయటికి రావాలి.

అక్కడ శాంపిల్‌కి చేసే ముఖ్యమైన పరీక్ష ఆర్‌టీ-పీసీఆర్. కోవిడ్ పుణ్యమా అని ఈ పేరు మా నాయనమ్మకి కూడా తెలుసు. లోపల జరిగేది మాత్రం మనలాంటి కోడింగ్ వాళ్లకి భలే అర్థమవుతుంది. ఫ్లూ వైరస్ జన్యువు ఆర్‌ఎన్‌ఏ. ముందు ఒక ఎంజైమ్‌తో దాన్ని డీఎన్‌ఏగా మారుస్తారు. తర్వాత వేడి, చల్లార్పు, మళ్లీ వేడి. ఒక్కో రౌండ్‌కి కాపీలు రెట్టింపు. ఒక్క ముక్కతో మొదలుపెడితే ముప్ఫై రౌండ్లకి రెండు పవర్ ముప్ఫై, అంటే నూట ఏడు కోట్ల పైన. కనపడని వైరస్ కనపడే వెలుగుగా మారుతుంది. ఏ రౌండ్ దగ్గర వెలుగు గీత దాటిందో చూసి శాంపిల్‌లో వైరస్ ఎంతుందో అంచనా వేస్తారు. ముందు ఏ ఇన్‌ఫ్లుయెంజా ఏ వైరస్‌కైనా ఉండే భాగాన్ని వెతుకుతారు. అది దొరికితే హెచ్5 ఉందా అని వెతుకుతారు. ఈ పద్ధతి కేరీ మలిస్‌కి 1983లో తట్టింది, 1993లో నోబెల్ వచ్చింది. మెషీన్‌లో పెట్టాక పని కొన్ని గంటలే.

ఇంకో పరికరం పేరు వింటే నవ్వొస్తుంది. కోడిగుడ్డు. పొదిగి తొమ్మిది నుంచి పదకొండు రోజులైన గుడ్డుకి చిన్న కన్నం పెట్టి శాంపిల్ ఎక్కిస్తారు. బతికున్న వైరస్ ఉంటే లోపల పెరుగుతుంది. ఆ ద్రవాన్ని కోడి ఎర్ర రక్తకణాలతో కలుపుతారు. వైరస్ లేకపోతే కణాలు గుంట అడుగుకి జారి కుంకుమ బొట్టులా ఒక చోట చేరతాయి. వైరస్ ఉంటే అది కణాల్ని ఒకదానికొకటి అతికించేస్తుంది, బొట్టు ఏర్పడదు, పల్చగా పరుచుకుంటాయి. జార్జ్ హర్స్ట్ 1941లో చూసిన విషయం ఇది. ఇప్పటికీ వాడుతున్నారు. కరెంటు పోయినా కంటితో చదవగలిగే రిజల్ట్!

చివరిది సీక్వెన్సింగ్. ఫ్లూ జన్యువు ఎనిమిది ముక్కలు, మొత్తం సుమారు 13,500 అక్షరాలు. నాలుగు అక్షరాలే కాబట్టి ఒక్కోదానికి రెండు బిట్లు చాలు. లెక్క వేస్తే మూడున్నర కిలోబైట్లు కూడా రాలేదు. మన ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో దీనికి ఎన్నో రెట్లు పెద్దది. ఆ మూడున్నర కేబీ చదివితే వైరస్ ఎక్కడి దానికి చుట్టమో, మనుషులకి అలవాటు పడే మార్పులేమైనా వస్తున్నాయో తెలుస్తుంది.

ఇంత ఉంది కదా, మరి సమస్య ఎక్కడ? దీనికి ఇద్దరి కథలు చెప్తాను.

1997 మే నెలలో హాంకాంగ్‌లో మూడేళ్ల బాబు ఫ్లూతో చనిపోయాడు. అక్కడి ల్యాబ్ వైరస్‌ని పట్టుకుంది, పెంచింది. కానీ తమ దగ్గరున్న పరీక్ష ద్రావణాల్లో దేనికీ అది సరిపోలేదు. మనుషుల్లో వచ్చే రకాల కోసమే కిట్లు పెట్టుకున్నారు మరి. అట్లాంటా, లండన్, రోటర్‌డామ్ ల్యాబులకి పంపారు. అది హెచ్5ఎన్1 అని తెలిసేసరికి ఆగస్టు వచ్చింది. ఆ ఏడాది చివరికి మొత్తం 18 మందికి సోకింది, ఆరుగురు పోయారు. డిసెంబర్ చివర్లో హాంకాంగ్‌లోని కోళ్లన్నిటినీ, పదమూడు లక్షలకు పైగా, చంపేశాక కేసులు ఆగాయి. వైరస్ చేతిలోనే ఉంది. అడగాల్సిన ప్రశ్న కిట్‌లో లేదు, అంతే. మనం దేనికోసం వెతుకుతామో అదే దొరుకుతుంది.

రెండోది 2006. ఇలారియా కాపువా అని ఇటలీలో పశువైద్య శాస్త్రవేత్త. నైజీరియా నుంచి వచ్చిన హెచ్5ఎన్1ని ఆవిడ ల్యాబ్ సీక్వెన్స్ చేసింది. కొద్ది ల్యాబులకి మాత్రమే పాస్‌వర్డ్ ఉన్న డేటాబేస్‌లో పెట్టమన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఎవరైనా చూడగలిగే జెన్‌బ్యాంక్‌లో పెట్టేసి, మిగతావాళ్లని కూడా పెట్టమంది. పెద్ద చర్చ జరిగింది. తర్వాత 2008లో జీఐఎస్‌ఎయిడ్ అనే వేదిక వచ్చింది. కోవిడ్ జన్యువుల్ని ప్రపంచం పంచుకున్నది ఎక్కువగా దాని ద్వారానే. గిట్‌హబ్‌లో ఊరికే కోడ్ తెచ్చుకునే మనకి ఆవిడ చేసిన పని విలువ వేరేగా చెప్పక్కర్లేదు.

డేటా పెట్టినంత మాత్రాన సరిపోదని కూడా తేలింది. 2024 ఏప్రిల్‌లో అమెరికా పాడి పశువుల్లో వచ్చిన హెచ్5ఎన్1 సీక్వెన్సులు అక్కడి వ్యవసాయ శాఖ బయటపెట్టినప్పుడు, వాటి మీద తేదీ లేదు, ఏ రాష్ట్రమో లేదు. దేశం పేరు, సంవత్సరం, అంతే. శాస్త్రవేత్తలు గోల పెట్టారు. ఎప్పుడు, ఎక్కడ అని తెలియకపోతే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎలా గీస్తారు?

హాంకాంగ్‌లో ప్రశ్న లేదు, ఇటలీలో తాళం వేయమన్నారు, అమెరికాలో తేదీ లేదు. మూడు చోట్లా మెషీన్ తన పని తను చేసింది. ఇబ్బంది వచ్చింది దాని ముందూ వెనకా.

ఇప్పుడు మా ఊరికి వద్దాం.

2025 ఫిబ్రవరి గుర్తుందా? తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు, పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు ఫారాల్లో బర్డ్ ఫ్లూ అని భోపాల్ నుంచి ఖరారైంది. చుట్టూ కిలోమీటరు రెడ్ జోన్, పది కిలోమీటర్ల దాకా నిఘా. మా హాస్టల్లో ఆదివారం చికెన్ బదులు పనీర్ పెట్టారు, మేం గొడవ చేశాం. నాకు బర్డ్ ఫ్లూ అంటే అప్పుడు అంతే.

అదే వారంలో మావయ్య షెడ్డులో కోళ్లు చచ్చిపోవడం మొదలైంది. ఆ ఊరు జోన్‌కి బయట. మామూలుగా రోజుకి ఐదో ఆరో పోతాయి. ఆ రోజు నలభై. కొక్కెర తెగులేమో అనుకున్నాడు, లేదా అనుకోవాలనుకున్నాడు. రెండో రోజు నూట పది. అయినా ఫోన్ చెయ్యలేదు. గుడ్ల బండి ఎప్పట్లాగే వచ్చింది, ట్రేలు దించి, ట్రేలు ఎక్కించుకుని ఇంకో ఫారానికి వెళ్లింది. మూడో రోజు పొద్దున చేశాడు.

శాంపిల్స్ వెళ్లాయి. రిజల్ట్ వచ్చేదాకా అమ్మకం బంద్. ఊళ్లో మిగతా కోళ్ల రైతులు మావయ్యతో మాట్లాడటం మానేశారు. "నువ్వు ఫోన్ చేసి ఊరి మీదకి తెచ్చావ్" అన్నారట. పదకొండో రోజున వాట్సాప్‌లో ఒక కాగితం ఫోటో వచ్చింది. మావయ్య అది నాకు ఫార్వర్డ్ చేశాడు. మొత్తం ఇంగ్లీషే. కింద "నాట్ డిటెక్టెడ్" అని ఉంది.

ఫోన్లో అడిగాడు: "ఒరేయ్, అంటే రోగం పోయిందనా, అసలు రాలేదనా?"

పదిహేనేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను తడబడ్డాను. నిజానికి ఆ రెండూ కాదు. పంపిన శాంపిల్‌లో వెతికిన వైరస్ కనపడలేదు అని దాని అర్థం. ఆ తేడా ఆ రోజు నాకే తెలియదు. "లేదంట మావయ్యా" అన్నాను. ఫోన్లోనే ఏడ్చాడు. మా మావయ్య ఏడవడం నేను వినడం అదే మొదలు.

అతనికి వచ్చింది బర్డ్ ఫ్లూ కాదు. సంతోషమే. కానీ ఆ రెండు రోజుల గుడ్ల బండి నన్ను వదల్లేదు. ఒకవేళ అయ్యుంటే? హెచ్5ఎన్1 తీవ్ర రకం వస్తే రెండు రోజుల్లో షెడ్డు దాదాపు ఖాళీ అయిపోవచ్చు. రెట్ట అంటిన ట్రే మీద, బండి టైరు మీద, మనిషి చెప్పు మీద వైరస్ ఇంకో ఫారానికి పోతుంది. అదే ఏడాది మార్చిలో మన పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ నిర్ధారించింది. ఇది కోళ్ల ధర గొడవ మాత్రమే కాదు అని అప్పుడు భయం వేసింది.

మావయ్యని తిట్టడం సులువు. నేనూ తిట్టాను. "రెండు రోజులు ఎందుకు ఆగావ్?" అని అడిగితే ఆయన లెక్క చెప్పాడు. అది విన్నాక నాకు ఆల్గారిథమ్స్ క్లాసులో చెప్పిన గేమ్ థియరీ గుర్తొచ్చింది.

రూల్ ఇది. బర్డ్ ఫ్లూ ఖరారైతే ప్రభుత్వం చంపించిన కోళ్లకి, పారేయించిన గుడ్లకి, దాణాకి పరిహారం ఇస్తారు. కేంద్రం సగం, రాష్ట్రం సగం. రోగంతో అప్పటికే చచ్చినవాటికి ఇవ్వరు. రూల్ రాసినవాళ్ల ఆలోచన తెలివైనదే. తొందరగా చెప్తే ఎక్కువ కోళ్లు బతికుంటాయి, ఎక్కువ డబ్బొస్తుంది, కాబట్టి అందరూ తొందరగా చెప్తారు అని.

రైతు లెక్క వేరు. చచ్చేది కొక్కెర తెగులుతో కావచ్చు, ఎండకి కావచ్చు. ఫోన్ చేస్తే ఆ రోజు నుంచే అమ్మకం ఆగిపోతుంది. రిజల్ట్ వచ్చేలోపు చచ్చేవాటికి పైసా రాదు. పాజిటివ్ వస్తే చుట్టుపక్కల వాళ్ల కోళ్లన్నీ చంపుతారు, నెలల తరబడి మళ్లీ పెంచనివ్వరు, ఊళ్లో ముఖం చూపించలేడు. నెగెటివ్ వస్తే, మా మావయ్యలాగా, పదకొండు రోజుల నష్టం, పాడైన పేరు. చెయ్యకపోతే? బహుశా ఏమీ కాదు. నిజం చెప్పడం వల్ల లాభం మొత్తం రాష్ట్రానికి, ఖర్చు మొత్తం ఒక్కడికి. ఈ ఆటలో ఎవరైనా రెండు రోజులు ఆగుతారు. నేనైనా ఆగుతాను.

కాబట్టి నేను అడిగేవి మూడు.

ఒకటి, ఫోన్ చేసిన సమయాన్ని లెక్కలోకి తీసుకోండి. రైతు కాల్ చేసిన నిమిషానికి ఒక టైమ్‌స్టాంప్ పడాలి. ఖరారైతే, ఆ నిమిషం తర్వాత చచ్చిన కోళ్లకి కూడా చంపించిన కోళ్లతో సమానంగా పరిహారం ఇవ్వాలి. అప్పుడు రిజల్ట్ ఆలస్యమైతే ఆ ఖర్చు రైతు మీద పడదు. నెగెటివ్ వస్తే, అమ్మకం ఆపిన రోజులకి కొంతైనా ఇవ్వాలి. దొంగ కాల్స్ వస్తాయి అంటారా? వస్తాయి. కానీ డాక్టర్ వచ్చి చూసి, చచ్చినవి లెక్కపెట్టి, శాంపిల్ తీస్తారు. ఆరు వేల కోళ్ల రైతు రోజుకి నాలుగు రూపాయల కోసం తన షెడ్డు మూయించుకోడు. ఒకటి రెండు దొంగ కాల్స్ ఖర్చు ఎక్కువా, దాచిన ఒక్క నిజం కాల్ ఖర్చు ఎక్కువా?

రెండు, మొదటి పరీక్ష దగ్గర్లో జరగాలి. వైరస్‌ని పెంచే పని గట్టి భద్రత ఉన్న ల్యాబుల్లోనే జరగాలి, అందులో రాజీ వద్దు. కానీ శాంపిల్‌లోని వైరస్‌ని ముందే రసాయనంతో చంపేసి పీసీఆర్ చేయొచ్చు. కోవిడ్‌లో జిల్లాల్లో పీసీఆర్ మెషీన్లు నడిపిన వాళ్లం మనం. ఆఖరి ముద్ర భోపాలే వెయ్యనీ. ఈలోపు గుడ్ల బండి ఆపాలా వద్దా అన్నది చెప్పడానికి జిల్లాలో ఒక మెషీన్ చాలు. "మరి నిమిషాల్లో చెప్పే స్ట్రిప్ కిట్లు ఉన్నాయిగా" అని మా రూమ్మేట్ అడిగాడు. ఉన్నాయి, కానీ వైరస్ తక్కువుంటే అవి పట్టవు. స్ట్రిప్ మీద గీత రాలేదని బండి పంపేస్తే మొదటికే మోసం.

మూడు, రిజల్ట్ తెలుగులో రావాలి, శాంపిల్ ఎవరిదో వాళ్ల ఫోన్‌కే రావాలి. రెండు వందల రూపాయల టీషర్ట్ ఆర్డర్ చేస్తే ప్యాక్ అయింది, బయల్దేరింది, మీ ఊరొచ్చింది అని మెసేజ్‌లు వస్తాయి. బతుకంతా పెట్టిన షెడ్డు శాంపిల్ ఎక్కడుందో తెలుసుకోడానికి మావయ్య పదకొండు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆ టైంలో తెలుగులో వచ్చింది ఏంటో తెలుసా? చికెన్ తింటే చచ్చిపోతారని వాట్సాప్ వీడియోలు. బాగా ఉడికిస్తే, డెబ్భై డిగ్రీల వేడికి, ఈ వైరస్ చచ్చిపోతుంది అన్న చిన్న వాక్యం ఆ వేగంతో రాలేదు. పుకారు మాత్రం ఎప్పుడూ తెలుగు మీడియమే.

ఈ మూడో పనికి ల్యాబ్ కట్టక్కర్లేదు. మనం చెయ్యగలం. ఒక డేటాబేస్, ఒక ఎస్సెమ్మెస్ గేట్‌వే, నాలుగు మంచి తెలుగు వాక్యాలు. మన కాలేజీలో ఏటా వచ్చే ప్రాజెక్టుల్లో దీనికన్నా కష్టమైనవి యాభై ఉంటాయి. కానీ దీనికి ప్రైజ్ రాదు, ఎందుకంటే ఇందులో ఏఐ లేదు. ఇది నా మీద నేను వేసుకుంటున్న సెటైరే, మీరు ఫీల్ అవకండి.

మా ప్రాజెక్ట్ పారేయలేదు. పోస్టర్ మీద "బర్డ్ ఫ్లూని పసిగట్టే" అన్న మాట తీసేశాం, ఎందుకంటే అది అబద్ధం. కోడి డల్‌గా ఉందని మైకు చెప్పగలదు, ఏ రోగమో పీసీఆర్ చెప్పాలి. ఇప్పుడు అలారం కింద ఒక బటన్ పెట్టాం. నొక్కితే డాక్టర్ గారికి కాల్ వెళ్తుంది, సమయం, చచ్చిన కోళ్ల లెక్క రెండూ నమోదవుతాయి. "నాట్ డిటెక్టెడ్"కి తెలుగు వాక్యం నేనే రాశాను: "మీరు ఇచ్చిన శాంపిల్‌లో బర్డ్ ఫ్లూ వైరస్ కనపడలేదు. కోళ్లు ఇంకా చనిపోతుంటే మళ్లీ ఫోన్ చేయండి." పదమూడు పదాలు. ఒక సాయంత్రం పట్టింది.

మావయ్యకి స్క్రీన్‌షాట్ పంపాను. చూసి ఫోన్ చేశాడు.

"వాక్యం బానే ఉందిరా. ఆ టైం పడితే డబ్బులిస్తారా?"

"ఇంకా లేదు మావయ్యా."

"సర్లే. ఇచ్చినప్పుడు చెప్పు, పెట్టించుకుంటా."